నాన్నకి మంగళగిరి తెలుసు, మన వార్డు తెలీదు. తప్పు టీవీదా, మనదా?

బరంపురం_కుర్రాడు
మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో రెండూ కలిపి కొట్టేస్తాం. పోయిన వారం మా వార్డులో పైపులైను పని ఉందని మూడు రోజులు నీళ్లు ఆపేశారు. చెప్పకుండా ఏం ఆపలేదు. ఆటోకి మైకు కట్టి ముందు రోజే వీధి వీధికీ తిరిగారు, ఫేస్‌బుక్‌లో కూడా పెట్టారు. అంతా ఒడియాలోనే. ఆటో మా గుమ్మం ముందుకి వచ్చేసరికి మా నాన్న హాల్లో తెలుగు న్యూస్ చానల్లో చర్చ చూస్తున్నారు. మైకు గోలకి ఏమీ వినబడటం లేదని లేచి వెళ్లి కిటికీ మూసేశారు. అవును, కిటికీ మూసేశారు.

మర్నాడు విజయనగరం నుంచి మేనత్త కుటుంబం ఆరుగురు దిగారు. ట్యాంకులో జానెడు నీళ్లున్నాయి. పక్కింటి మావుసి వాళ్ల బోరు నుంచి నేను పదిహేడు బకెట్లు మోశాను. లెక్కపెట్టి మరీ చెబుతున్నా. "ఏట్రా, నీళ్లు రావని మీ ఊళ్లో ఎవరూ చెప్పరా?" అంది అత్త. నాన్న మాట్లాడలేదు.

ఆయనకి ఆంధ్రలో 175 నియోజకవర్గాల్లో ఎవరు ఎక్కడ గెలిచారో, ఎవరు ఎప్పుడు పార్టీ మారారో నోటికొచ్చు. మా కార్పొరేటర్ పేరు మాత్రం తెలీదు. 2024 జూన్ 4న రెండు రాష్ట్రాల ఫలితాలూ ఒకేరోజు వచ్చాయి కదా. మన గంజాం జిల్లా హింజిలి నుంచి గెలుస్తూ వచ్చిన నవీన్ పట్నాయక్ 24 ఏళ్ల పాలన ముగిసిన రోజది. మా ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా మంగళగిరి, పిఠాపురం, పులివెందుల. జూన్ 12న పొద్దున గన్నవరం దగ్గర చంద్రబాబు ప్రమాణ స్వీకారం మొత్తం చూశారు. అదే సాయంత్రం భువనేశ్వర్‌లో మోహన్ మాఝీ ప్రమాణం చేస్తుంటే టీవీ కట్టేసి నిద్రపోయారు. ఆయన ఓటు వేసింది ఇక్కడ!

నేను ఎం.ఏ. సోషియాలజీ. మీడియా మీద సెమినార్ పేపర్ రాయాలి. పుస్తకాల్లో సిద్ధాంతాలు బోలెడున్నాయి, వాటిలో మా నాన్న మాత్రం ఎక్కడా కనబడటం లేదు. సరిహద్దుల్లో ఉన్నవాళ్లు మీ ఇళ్లల్లో సంగతి చెప్పండి.

అప్పడాల_అంగడి
కిటికీ దగ్గర ఆగిపోయి మా ఆవిడకి చదివి వినిపించాను. మా ఇంట్లో కిటికీ వెయ్యరు, టీవీ సౌండు పెంచుతారు.

కిమిడి_కబుర్లు
నాన్నగారిని ఏమీ అనకు తమ్ముడూ. మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీత మా ముంగిట్లోంచే పోయింది. ఏటికి అవతల పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది, ఇవతల మేం ఒడిశా అయ్యాం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. అలాంటి ఊళ్లో పుట్టి, తెలుగు బడిలో చదువుకున్న మనిషికి ఒడియా మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. చదవడం రాకపోతే ఊరి సంగతి ఎలా తెలుస్తుంది? టీవీ మీ నాన్నగారిని లాక్కుపోలేదు. ఆయన భాషలో మాట్లాడేది ఇంట్లో అదొక్కటే, అందుకని దాని దగ్గర కూర్చున్నారు.

ఇంకోటి. మా డాబా మీద ఆంధ్ర సిగ్నల్, వంటింట్లో ఒడిశా సిగ్నల్. రోమింగ్ చార్జీలు ఉన్న రోజుల్లో ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా వంటింట్లోకి పరిగెత్తేవాళ్లం. మా ఇంట్లో రహస్యాలు నిలవకపోవడానికి కారణం అదే.

మూడో_కన్ను
దీన్ని సరిహద్దు సమస్య చేసి కన్నీళ్లు పెట్టుకోకండి. భువనేశ్వర్‌లో అచ్చమైన ఒడియా కుటుంబాన్ని చూడండి. వాళ్లు ఢిల్లీ చానళ్లు చూస్తారు. పాకిస్తాన్ గురించి తెలుసు, తమ డ్రైనేజీ గురించి తెలీదు. దీనికి పాత పేరే ఉంది, ఎజెండా సెట్టింగ్. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ ఊళ్లో ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లని ఏ సమస్యలు ముఖ్యం అని అడిగారు. మీడియా దేనికి ఎక్కువ చోటు ఇచ్చిందో, ఓటర్లు వరసగా అవే చెప్పారు. 1972లో అచ్చయింది. ఎటు ఆలోచించాలో మీడియా చెప్పలేకపోవచ్చు, దేని గురించి ఆలోచించాలో మాత్రం చెబుతుంది. మీ నాన్న విషయంలో జరిగింది అంతే. పేపర్ అయిపోయింది, టీ ఇప్పించు.

బరంపురం_కుర్రాడు
టీ తర్వాత. మీ ఉదాహరణలో ఒక తేడా ఉంది అన్నా. చాపెల్ హిల్ వాళ్ల తలకెక్కిన ఎజెండా వాళ్లు ఓటు వేసే దేశానిదే. భువనేశ్వర్ కుటుంబం కూడా ఢిల్లీకి ఓటు వేస్తుంది. మా నాన్న తల నిండా ఉన్నది ఆయన ఓటు చెల్లని రాష్ట్రం. ఆయన రోజూ ఆవేశపడే విషయాల్లో ఒక్కదాని మీద కూడా ఆయన చెయ్యగలిగింది లేదు. చెయ్యగలిగిన చోటి సంగతి ఏదీ ఆయన చెవిలో పడటం లేదు. దీనికి ఏ సిద్ధాంతం పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

అప్పడాల_అంగడి
క్రికెట్ అని పెట్టు. నేను కూడా నలభై ఏళ్లుగా చూసి ఆవేశపడుతున్నా, ఒక్కసారీ బ్యాటింగ్‌కి పిలవలేదు.

సిరోంచ_మాస్టారు
కుర్రాడు చెప్పింది మాకు ఇంకో రకంగా తగిలింది. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, గోదావరి ప్రాణహిత కలిసేచోటు. మేడిగడ్డ బ్యారేజీ పేరు వినని తెలుగువాడు లేడు. 85 గేట్లు. 2019 జూన్ 21న కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభోత్సవానికి మహారాష్ట్ర ముఖ్యమంత్రి కూడా వచ్చారు. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఇక ఆ తర్వాత చూడాలి, నెలల తరబడి ప్రతి తెలుగు చానల్లో అదే పగులు. డ్రోన్ తో పైనుంచి, పడవలోంచి, గుండ్రాలు గీసి, బాణాలు పెట్టి.

ఆ బ్యారేజీకి రెండు చివర్లు ఉంటాయండి. ఒకటి భూపాలపల్లి జిల్లాలో, రెండోది మా తాలూకాలో. ఈ చివర మా రైతుల పొలాలు బ్యాక్‌వాటర్‌లో మునుగుతున్నాయని, పరిహారం ఇమ్మని వాళ్లు సిరోంచలో ధర్నాలు చేసి కూర్చున్నారు. నేను వెళ్లాను ఆ శిబిరానికి. టెంటు కింద ఒక ముసలి రైతు ఫోన్లో తెలుగు చానల్ పెట్టుకుని మేడిగడ్డ మీద చర్చ చూస్తున్నాడు. నలుగురు మేధావులు అరుచుకుంటున్నారు, లక్ష కోట్లు అంటున్నారు. ఆయన చాలాసేపు చూసి, "నా మూడెకరాల గురించి ఎప్పుడొస్తది సార్?" అన్నాడు. రాదని తెలిసే అడిగాడు.

హైదరాబాద్ చానల్‌కి మేం మహారాష్ట్ర. మరాఠీ చానల్‌కి నాగపూర్ దాటితే అడవి, అడవి అంటే నక్సలైట్లు. ఇద్దరికీ మా పొలం ఫ్రేములోకి రాదు.

ధర్మాబాద్_మిర్చి
మాస్టారూ, మీ బాధ నిజమే. అయినా నేను టీవీ పక్షం. మాది నాందేడ్ జిల్లా. 2018లో తెలంగాణ వాళ్లు రైతుబంధు కింద పంటకి ఎకరానికి 4,000 ఇస్తుంటే మాకు ఎలా తెలిసింది? తెలుగు టీవీలోనే. గట్టుకి అటువైపు వాడికి డబ్బు, ఇరవై నాలుగు గంటల కరెంటు. ఇటువైపు మాకు రాత్రి కరెంటు, టార్చిలైటు. ఇది చూసే కదా మా వైపు సర్పంచులు కొందరు "మమ్మల్ని తెలంగాణలో కలిపేయండి" అని లేచారు. కలుపుతారని ఎవరూ అనుకోలేదు. కానీ ముంబైలో ఉన్నవాళ్లు ధర్మాబాద్ ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ పార్టీ బీఆర్‌ఎస్ వచ్చి నాందేడ్‌లో పెద్ద సభ పెట్టింది కూడా మరి.

కుర్రాడూ, నీ పేపర్‌లో రాసుకో. పక్కవాడి కంచంలో ఏముందో చూపించేది టీవీ. చూడకపోతే మన కంచం బాగానే ఉందనుకుంటాం.

అప్పడాల_అంగడి
పక్క పొలం వాడు నీ బావమరిదే కదా మిర్చీ. టీవీ ఎందుకు, వాడే చెబుతాడు.

ధర్మాబాద్_మిర్చి
బావమరిది డబ్బు వచ్చిందని చెబుతాడా అన్నా? పెళ్లయిందా మీకు?

మూడో_కన్ను
మిర్చి చెప్పినదాన్ని సాపేక్ష లేమి అంటారు. ఆకలి కన్నా ఎదుటివాడి త్రేనుపు ఎక్కువ బాధ పెడుతుంది. కానీ ఒకటి గమనించారా? టీవీ చూపించింది తెలంగాణ సర్కారు తన గురించి తాను వేయించుకున్న ప్రకటనలు కూడా. ఆ కరెంటు మీద అక్కడి రైతుల ఫిర్యాదులు మీకు అంత వివరంగా కనబడలేదు. గట్టుకి అవతల గడ్డి టీవీలో ఇంకా పచ్చగా ఉంటుంది.

ధర్మాబాద్_మిర్చి
టీవీలో కాదన్నా, ఆ గడ్డి మా గేదె తిని వచ్చింది.

వంశధార_ఒడ్డు
గుణుపురం నుంచి. తిత్లీ తుఫాను గురించి ఎవరూ ఎత్తలేదేంటి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు నేను పర్లాకిమిడిలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి, పెరట్లో కొబ్బరి చెట్టు విరిగి బావిలో పడింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. రెండో రోజు ఎవరో ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు కలిపి ఫోన్‌లు చార్జి చేస్తుంటే రేషన్ షాపు దగ్గరలా లైన్లో నిలబడ్డాం. డాబా ఎక్కితే ఒక గీత సిగ్నల్. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ కలిసింది. వాడు మొదట అన్న మాట ఏంటో తెలుసా? "టీవీలో చూస్తున్నాం, పలాస వాళ్లు పాపం చాలా దెబ్బతిన్నారట. మీకేం కాలేదు కదా?"

గాలికి సరిహద్దు తెలీదు. కెమెరాకి తెలుసు. తెలుగు చానళ్లు ఉద్దానం కొబ్బరి తోటల దాకా వచ్చి ఆగిపోయాయి. ఒడియా చానళ్లు మా వైపు తిరిగేసరికి ఆలస్యమైంది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలోనే బరఘర దగ్గర కొండ జారి అంతమంది చనిపోయిన సంగతి, ఆ జిల్లాలో కూర్చున్న మాకు వెంటనే తెలియలేదు. కొండ దిగి నడిచొచ్చిన మనుషులు చెబితే తెలిసింది.

అన్నయ్య మీద ఇప్పటికీ కోపం పోలేదు. వాడి తప్పు కాదని తెలుసు. అయినా పోలేదు.

కిమిడి_కబుర్లు
ఆ ట్రాక్టర్ లైన్లో నేనూ ఉన్నాను వంశధారా. మా చిన్నదాన్ని ఎత్తుకుని.

వంశధార_ఒడ్డు
పసుపు రంగు గొడుగు మీదేనా అక్కా, తిరగబడిపోయింది?

కిమిడి_కబుర్లు
నాదే. ఇంకా ఉంది ఇంట్లో.

పొట్టంగి_ఘాట్
మాకు సరిగ్గా దీనికి రివర్స్. మా దగ్గరికి కెమెరాలు రెండు వైపుల నుంచీ వస్తాయి. కొటియా పల్లెలు విన్నారుగా, కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు అని ఒకరు, సాలూరు మండలం అని ఇంకొకరు. వివాదంలో ఉన్నవి 21 ఊళ్లు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర వాళ్లు కొన్నిటిలో పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు చూడాలి వేడుక. తెలుగు చానల్లో "మన గిరిజనులని అడ్డుకున్న ఒడిశా". చానల్ మార్చితే "మన గడ్డ మీదకి చొరబడ్డ ఆంధ్ర". బొమ్మ ఒకటే. అదే కొండ, అదే మట్టిరోడ్డు, నెత్తిన కట్టెల మోపుతో నడిచిపోతున్న అదే ఆడమనిషి. ఆమె ఇద్దరికీ "మన" మనిషే.

ఆమె భాష ఒడియా కాదు, తెలుగూ కాదు. కువి. మైకు పెట్టి ఆమెని అడిగిన చానల్ రెండిట్లో ఒక్కటీ లేదు. ఆ ఊళ్లలో చాలా ఇళ్లల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఎవరు బియ్యం ఇస్తే వాళ్లకి నమస్కారం. నాకైతే మనందరిలో తెలివైన ప్రేక్షకులు వాళ్లే అనిపిస్తుంది.

సిరోంచ_మాస్టారు
చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా పల్లెలు కూడా అంతే. తెలంగాణకి ఓటు, మహారాష్ట్రకి ఓటు. ఒకే ఊళ్లో ఇద్దరు సర్పంచులు.

పొట్టంగి చెప్పినదాన్ని ఫ్రేమింగ్ అంటారు, గోఫ్‌మన్ 1974 నాటి మాట. దానికన్నా స్టువర్ట్ హాల్ చెప్పింది నాకు ఇష్టం. పంపినవాడు ఒక అర్థం కట్టి పంపుతాడు, విప్పేవాడు తన బతుకుని బట్టి విప్పుకుంటాడు. ఒప్పుకోవచ్చు, బేరమాడొచ్చు, తిరగబడొచ్చు. కొటియా వాళ్లు బేరమాడుతున్నారు.

అప్పడాల_అంగడి
అందరూ న్యూస్ గురించే మాట్లాడుతున్నారు. సీరియళ్ల సంగతో? మా మనవరాలు ఒడియా మీడియం. దానికి తెలుగు నేర్పింది మేం కాదు, సాయంత్రం సీరియళ్లు. మొన్న అన్నం పెట్టడం ఆలస్యమైతే వాళ్ల అమ్మతో "నీ కుట్రలన్నీ నాకు తెలిసిపోయాయి" అంది. ఆరేళ్లు.

కిమిడి_కబుర్లు
మా పిల్లలు ఇంట్లో "వెళ్లిపోనాను" అంటారు, టీవీ చూసి "వెళ్లిపోయాను" అని దిద్దుకుంటున్నారు. గిడుగు పంతులుగారు ఉంటే ఏమనేవారో. వాడుక భాష పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడితే, ఇప్పుడు హైదరాబాద్ స్టూడియో భాష మా వాడుకలోకి వస్తోంది.

ఆస్కా_రోడ్డు
టీవీ ముసలివాళ్ల రోగం. నేను వాట్సాప్ గురించి చెబుతాను. నర్సుని, గంజాంలోనే పని.

2020 మేలో సూరత్ నుంచి మన జిల్లా మగ్గం పనివాళ్లు రైళ్లలో తిరిగొచ్చారు. గంజాంలో ఏ వీధి చూసినా సూరత్ పవర్‌లూమ్‌ల్లో ఒకడైనా ఉంటాడు. బడుల్లో క్వారంటైన్. నేను ఒక బడిలో డ్యూటీ. మా వీధికి తెలుగువాళ్ల గ్రూపు ఒకటుంది, 140 మంది. అందులో ఒకాయన పెట్టాడు, "సూరత్ వాళ్లు క్వారంటైన్ అయ్యాక కూడా వీధిలోకి రాకూడదు, వస్తే నీళ్లు బంద్ చెయ్యాలి." వరసగా బొటనవేళ్లు. ముప్ఫయ్యో నలభయ్యో. నేను పేర్లు చూశాను. అందులో కనీసం పది ఇళ్ల కొడుకులు ఆ రోజు నా బడిలోనే చాపల మీద పడుకుని ఉన్నారు. ఒక తల్లి రోజూ గేటు దగ్గరికి వచ్చి నాకు క్యారేజీ ఇచ్చి "మా వాడికి" అనేది. ఆవిడ నంబరు నుంచి కూడా బొటనవేలు పడింది.

తర్వాత ఎప్పుడో అడిగాను. "అందరూ పెడుతున్నారు, నేను పెట్టకపోతే మా వాడు వచ్చాడని తెలిసిపోద్ది కదమ్మా" అంది.

మూడో_కన్ను
ఇక్కడ నేను జోకు వెయ్యను. నోయెల్-న్యూమన్ 1974లో దీన్నే మౌనపు సుడి అంది. తన మాట తక్కువమందిది అనిపిస్తే మనిషి నోరు మూసుకుంటాడు, మూసుకునేకొద్దీ అవతలి మాట ఇంకా పెద్దగా వినబడుతుంది. ఆవిడ రాసింది టీవీ, పత్రికల కాలంలో. మన గ్రూపుల్లో ఇంకా ఘోరం, ఎందుకంటే ఊరుకున్నా కనబడిపోతాం. బొటనవేలు పెట్టనివాడి పేరు అందరికీ తెలుస్తుంది.

ధర్మాబాద్_మిర్చి
2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మెసేజ్ వచ్చింది గుర్తుందా? మాకు మొదట తెలుగులో వచ్చింది, నిజామాబాద్ చుట్టాల నుంచి. వారంలో మరాఠీ అయిపోయింది. మా ఊరి సంతలో పాత ఇనుము కొనేవాణ్ణి చుట్టుముట్టారు. వాడి మూటలో పగిలిన కుక్కర్ మూతలు ఉన్నాయి. ఒక పెద్దాయన అడ్డం పడబట్టి బతికాడు. అదే జులై 1న మా రాష్ట్రంలోనే ధులే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకి వచ్చిన సంచార జాతి మనుషుల్ని అయిదుగుర్ని కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ ఒకేసారి అయిదు చోట్లకి మించి పంపకుండా ఇండియాలో కట్టడి పెట్టింది.

పొద్దున నేను టీవీ పక్షం అన్నాను. ఫోన్ పక్షం అనలేదు.

మూడో_కన్ను
ఒక విషయం గమనించారా? నాన్న, అన్నయ్య, మనవరాలు, సంతలో జనం, గ్రూపులో తల్లి. అందరూ మీడియా ప్రభావంలో పడ్డారని చెబుతున్నాం. ఇంతమందిలో ఒక్కరు కూడా "నేను పడ్డాను" అనలేదు. దీనికీ పేరుంది, 1983లో డేవిసన్ పెట్టాడు, మూడో మనిషి ప్రభావం. నేను మాత్రం గట్టివాణ్ణి, పాపం వాళ్లే వెర్రివాళ్లు.

మీ కిటికీలు చెప్పండి ఇప్పుడు.

బరంపురం_కుర్రాడు
సరే. నాది ముందు చెబుతా. నా ఫోన్ భాష తెలుగు. బరంపురంలో అద్దె ఇల్లు మాది. నా యూట్యూబ్ నిండా హైదరాబాద్ పక్కన గజాల్లెక్క ప్లాట్లు. ఒకరోజు నిజంగానే ఒకదానికి ఫోన్ చేశాను, ఏం కొందామని చేశానో నాకే తెలీదు. వాళ్లు ఇప్పటికీ వదలడం లేదు. నా కార్పొరేటర్ పేరు కూడా మొన్న నీళ్లు పోయాకే వెతికాను.

వంశధార_ఒడ్డు
నేను అన్నయ్యని తిట్టాను కదా. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను విశాఖలో చదువుతున్నా. టీవీలో ఇచ్ఛాపురం చూపిస్తుంటే అదే చూస్తూ కూర్చున్నాను. బరంపురంలో మా పెద్దమ్మ ఉందన్న సంగతి రాత్రికి గుర్తొచ్చింది.

సిరోంచ_మాస్టారు
పిల్లల దొంగల మెసేజ్ నేనూ పంపాను. బడి పేరెంట్స్ గ్రూపులో. "జాగ్రత్త కోసం" అని పైన రాసి మరీ.

ఆస్కా_రోడ్డు
ఆ బొటనవేళ్ల గ్రూపులో నేను కూడా ఏమీ రాయలేదు. నర్సుని, నేను రాసుంటే వినేవాళ్లేమో.

అప్పడాల_అంగడి
నాదొకటుంది. చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి చూస్తున్నా. మా అంగడి దగ్గర పొద్దున ఆరుగురు పెద్దవాళ్లు చేరతారు. ఒడియా చదవడం వాళ్లెవరికీ రాదు. నేనే ఒడియా పేపర్ తెలుగులో చదివి వినిపిస్తాను, ఇరవై ఏళ్లుగా. నీళ్లు ఆపేస్తారన్న కబురు మూలన చిన్న ముక్కగా పడింది. చూశాను. అప్పటికి వాళ్లు ఆంధ్ర మంత్రివర్గం మీద కొట్టుకుంటున్నారు, మధ్యలో ఇదెందుకులే అని పేజీ తిప్పేశాను.

మూడో_కన్ను
కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ 1955లో చెప్పింది ఇదే. వార్త నేరుగా జనానికి చేరదు, మధ్యలో ఒక మనిషి ఉంటాడు, రెండంచెల్లో దిగుతుంది. ఆ మనిషి అప్పడాలు అమ్ముతాడని మాత్రం వాళ్లు రాయలేదు.

బరంపురం_కుర్రాడు
ఒక్క నిమిషం అంకుల్. మీ అంగడి గేట్ బజార్ దగ్గరా? ఎదురుగా సైకిల్ షాపు ఉంటుందా?

అప్పడాల_అంగడి
అవును. ఎందుకు?

బరంపురం_కుర్రాడు
ఆ ఆరుగురిలో తెల్ల లుంగీ, నల్ల కళ్లద్దాలు, మినప్పప్పు అప్పడాల్లో ఇంగువ ఎక్కువైందని రోజూ గొణిగే మనిషి మా నాన్న.

కిమిడి_కబుర్లు
అయ్యో రామా.

అప్పడాల_అంగడి
నువ్వు ఆయన కొడుకువా! పదిహేడు బకెట్లూ నా ఖాతాలో రాసుకో నాయనా. ఇంగువ మాత్రం సరిగ్గానే వేస్తున్నాం.

పొట్టంగి_ఘాట్
రెండో అంచె దొరికిపోయింది.

బరంపురం_కుర్రాడు
పేపర్ గైడ్‌కి ఇచ్చాను. "సిద్ధాంతం తగ్గించు, అంగడి గురించి ఇంకా రాయి" అన్నారు. మా అక్క ఇంకో పని మొదలెట్టింది. వార్డు నోటీసులు, పేపర్లో మన వీధుల ముక్కలు చూసి తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి వీధి గ్రూపులో పెడుతోంది. మొదటిరోజు విద్యుత్ కోత తేదీ తప్పు చెప్పింది. తిట్లు తిన్నది. రెండో రోజు చందాల లెక్క అడిగారు, ఏ చందా అంటే ఎవరికీ తెలీదు. మూడో రోజు నాన్న ఇయర్‌ఫోన్స్ అడిగారు.

ఆస్కా_రోడ్డు
వినడానికేనా?

బరంపురం_కుర్రాడు
అక్క వాయిస్ వినడానికి ఒక చెవి, చర్చకి ఒక చెవి.

ధర్మాబాద్_మిర్చి
మా ఊరికి కూడా ఒక అక్కని పంపండి. మరాఠీ వచ్చుండాలి.

మూడో_కన్ను
ఇప్పుడు మీ అక్క ఏది చెబితే అదే వార్డు. ఏది వదిలేస్తే అది లేదు. ఆవిడ మీద ఎవరు పేపర్ రాస్తారు?

అప్పడాల_అంగడి
ముందు ఒకటి చెప్పండి, ఆదివారం మళ్లీ నీళ్లు రావట కదా. నిజమేనా?

బరంపురం_కుర్రాడు
పేపర్ మీ దగ్గరే ఉంటుంది కదా అంకుల్!

అప్పడాల_అంగడి
ఈరోజు మీ నాన్న పట్టుకెళ్లిపోయారు. బొమ్మలు చూస్తానన్నారు.